బొమ్మల కంపెనీ చరిత్రకు నేను పెట్టిన మంగళాంతం

మధ్యాహ్నం ఒంటిగంటన్నర వేళ మా అల్లుడు ఆటలో గెలిచాడు. ఆ క్షణంలోనే నేను చేసిన తప్పు నాకు తెలిసివచ్చింది.

అతడు బ్యాంకులో కంప్యూటర్ల పని చూసే మనిషి. గురువారాలు జురాంగ్ ఈస్ట్‌లోని మా ఫ్లాట్‌లోనే కూర్చుని పని చేసుకుంటాడు. భోజన విరామంలో టీవీకి తగిలించిన ఆటపెట్టెను తెరుస్తాడు. నలభై దాటిన గృహస్థు పచ్చకప్పను గెంతించుకుంటూ కూర్చోవడం నాకు మొదటినుండీ మింగుడుపడని సంగతి. ఆ మాట నేను ఏనాడూ పైకి అనలేదు. అనకపోవడంలోని కాఠిన్యం అతనికి తెలుసు. ఆనాడు కప్ప కడపటి కోటను దాటింది. సంగీతం మారింది. నల్లని తెరమీద, ఆటను తయారుచేసినవారి పేర్లు ఇంగ్లీషు అక్షరాలలో కిందినుండి పైకి సాగసాగాయి. నేను మజ్జిగ గ్లాసు పట్టుకొని సోఫా వెనుక నిలబడి ఉన్నాను. వరుసలు వరుసలుగా పేర్లు పోయాక తెర కొంతసేపు ఖాళీగా నిలిచింది. ఆ తరువాత, సంగీతం లేకుండా, మరికొన్ని పేర్లు ఒక్కొక్కటిగా వచ్చాయి. అన్నీ ఆడపిల్లల పేర్లు. పేరు పక్కన వయస్సు. పదహారు. పద్ధెనిమిది. పదిహేను.

ఆ పేర్లు నాకు తెలుసు. మూడు వారాల కిందట వాటిని తెలుగు అక్షరాలలో నా చేతితో రాశాను.

"ఇవేమిటి ఇక్కడ?" అన్నాను.

అల్లుడు వెనక్కు తిరిగి చూశాడు. ఆటను గురించి నేను అతన్ని అడిగిన మొదటి ప్రశ్న అది.

"ఇవా అండి? ఈ కంపెనీవాళ్ళ ఆట ఏదైనా సరే, ఆఖర్న ఈ పేర్లే వస్తాయండి మావయ్యగారూ. ఎప్పుడో ఫ్యాక్టరీ తగలబడితే పోయిన పిల్లలంట. ఇవి అయ్యేదాకా ఏ బటన్ నొక్కినా కదలదండి. ఇవి వచ్చాకే ఆట అయినట్టు లెక్క."

"ఆటల్లోనేనా? పుస్తకాలలో కూడానా?"

"వాళ్ళ కేటలాగ్‌లో, పెట్టెలో పెట్టే కాగితాల్లో, అన్నిట్లోనండి. ఆడేవాళ్ళందరికీ తెలుసు. ఏం, మీ పుస్తకంలో లేవా అండి?"

ఉన్నాయి. ఉండవలసిన చోట లేవు.

ఆ పుస్తకం సంగతి చెప్పాలి. ఆ జపాను కంపెనీ తన ఆటలను తెలుగువారికి తెలుగులోనే అందించదలచి, ప్రతి పెట్టెలోనూ ఇరవైనాలుగు పుటల కంపెనీ చరిత్రను చేర్చాలని నిశ్చయించింది. అనువాదం పని చాంగీ బిజినెస్ పార్క్‌లోని ఒక చిన్న సంస్థకు వచ్చింది. అక్కడ తెలుగు పనులు చూసేది ఒకే ఒక అమ్మాయి. కరీంనగర్ వైపు పిల్ల. మా తెలుగువారి కూటాలలో కుర్చీలు సర్దుతూ, మైకు సరిచేస్తూ నాకు పరిచయమైంది. నేను ఓరియంటల్ కళాశాలలో భాషాప్రవీణ చదివినవాణ్ణి. ఆ చదువుకు తగిన కొలువు దొరకక యౌవనంలోనే ఈ ద్వీపానికి వచ్చి, తువాస్‌లోని ఒక నౌకానిర్మాణశాలలో స్టోర్సు గుమస్తాగా ముప్పైయేళ్ళు గడిపాను. ఆదివారాలు పిల్లలకు తెలుగు చెప్పాను. అందువల్ల ఆ అమ్మాయి వచ్చి అడిగినప్పుడు, మరచిపోయిందనుకున్న నా చదువు నన్ను మళ్ళీ పేరుపెట్టి పిలిచినట్లు అనిపించింది. ప్రతిఫలం వద్దన్నాను.

"అంకుల్, ఇంగ్లీష్ కాపీ పంపిస్త. మీరు జర మంచి తెలుగుల రాయుండ్రి. కానీ ఆర్డర్ మాత్రం మార్చొద్దు. ఎట్లున్నదో అట్లనే," అని ఫోనులో చెప్పింది.

విన్నాను. బొమ్మల క్రమం గురించి అంటున్నదనుకున్నాను. అనుకున్నానని ఇప్పుడు రాస్తున్నాను గాని, నిజంగా అలా అనుకున్నానా, అలా అనుకోవడం నాకు సుఖంగా ఉండి అనుకున్నానా అన్నది ఈనాటికీ తేల్చుకోలేకపోయాను.

చరిత్ర మాత్రం నన్ను పట్టుకుంది. యుద్ధం ముగిసిన తరువాత, సగం కాలిపోయిన ఒక పట్టణంలో, ఒక రేకుల పనివాడు సైనికులు పారేసిన ఆహారపు డబ్బాలను ఏరుకొచ్చి, కోసి, సుత్తితో చదును చేసి, లోపల స్ప్రింగు అమర్చి గెంతే కప్పలను చేశాడు. పైన ఆకుపచ్చ రంగు. వెల్లకిలా తిప్పి చూస్తే పొట్టలోపల పాత డబ్బామీది అక్షరాలు అలాగే కనిపించేవట. అతని భార్య వాటిని ఒక తట్టలో పెట్టుకొని రైల్వేస్టేషను బయట నేలమీద గెంతిస్తూ అమ్మింది. రేకు తరువాత సెల్యులాయిడ్ వచ్చింది. గులాబీ చెక్కిళ్ళ పల్చని బొమ్మలు ఓడలెక్కి పరదేశాలకు వెళ్ళాయి. వాటిని చేయడానికి పల్లెలనుండి ఆడపిల్లలు వచ్చి, కంపెనీ వసతిగృహంలో ఉంటూ పనిచేశారు. సెల్యులాయిడ్ చిన్న నిప్పురవ్వకే భగ్గుమనే పదార్థం. ఒక శీతకాలపు ఉదయం, బొమ్మలు ఆరబెట్టే గది అంటుకుంది. ఆ గది తలుపు లోపలివైపుకు తెరుచుకునేది. అందరూ ఒకేసారి తలుపుమీద పడ్డారు.

ఆ తరువాత కంపెనీ సెల్యులాయిడ్‌ను ముట్టలేదు. చాలాకాలం ఏ పనీ కలిసిరాలేదు. ప్లాస్టిక్ రైళ్ళు, బొమ్మ కుట్టుమిషన్లు, తాళం తిప్పితే డప్పుకొట్టే కోతులు, అన్నీ ప్రయత్నించారు. చివరకు, గడియారాలు బాగుచేసే ఒక ఉద్యోగి, అరచేతిలో ఇమిడే బూడిదరంగు తెరమీద నల్లని కప్పను గెంతించాడు. అక్కడినుండి టీవీ ఆటలు, రంగులు, సంగీతం, దేశదేశాల పిల్లలు. అదీ కథ. కథ ముగిసిన తరువాత, శీర్షిక ఏదీ లేకుండా, ఆఖరి పుటలో ఆ ఆడపిల్లల పేర్లు, వయస్సులు. కింద తెల్లకాగితం.

ఆ పుట నాకు అతకలేదు. మా చదువులో గ్రంథం శ్రీకారంతో మొదలై మంగళంతో ముగియాలి. పురాణ కాలక్షేపం చేసేటప్పుడు ఆ రోజు భాగం శోకఘట్టం దగ్గర పూర్తయితే, మా గురువుగారు మరో పది పద్యాలు ముందుకు నడిచి, ఎవరో ఒకరు సేదదీరిన చోటగాని పుస్తకం మూసేవారు కారు. విన్నవారు దుఃఖాన్ని ఇంటికి తీసుకుపోరాదని ఆయన నియమం. ఒకసారి నా నోటుపుస్తకం మరణవర్ణనతో ముగిసిందని, మరో కాగితం కుట్టించి దానిమీద మంగళశ్లోకం రాయించారు. అలా పెరిగినవాడికి, పిల్లల చేతికిచ్చే పుస్తకం మృతుల జాబితాతో ముగియడం కూర్చినవారి పరాకుగానే తోచింది. పేర్లను అక్కడినుండి తీసి, అగ్నిప్రమాదం చెప్పిన పుటలో చిన్న అక్షరాలలో చేర్చాను. ఆఖరి పుటలో, లోకంలోని బాలబాలికలందరూ ఈ క్రీడలవలన ఆనందం పొంది వర్ధిల్లుదురుగాక అని నా సొంత వాక్యం ఒకటి పెట్టాను. రెండుసార్లు పైకి చదువుకొని తృప్తిపడ్డాను. 

మూలంతో పోల్చి ప్రతి పంక్తీ చదివానని ఒక ధ్రువపత్రం మీద ఆ అమ్మాయి సంతకం చేయాలి. అందుకే ఫైలు పంపిననాడు, "మొత్తం ఒకసారి చూడమ్మా," అన్నాను.

"మీరు రాసినంక నేను చూసుడేంది అంకుల్. మీ రాతల తప్పు పట్టుడు నాతోని అయితదా?"

నాకది సంతోషం కలిగించింది. పెద్దవాడి రాతను చిన్నవాళ్ళు దిద్దరాదన్న మర్యాద ఆమెకూ నాకూ ఒకే ఇంట నేర్పినట్లుంది. ఆ మర్యాద చాటునే నా తప్పు అన్ని గడపలూ దాటిపోయింది.

ఆ గురువారం నాలుగు గంటలకు కంపెనీ తరఫున ఒక జపాను అధికారిణి వచ్చి, ధ్రువపత్రం చూసి తాను కూడా సంతకం చేస్తే, ఫైలు అచ్చుకు వెళుతుంది. అది నాకు తెలుసు. ఆ అమ్మాయి పనిచేసిన పాత సంస్థ మూతపడిందనీ, ఎంతో వెతికి ఈ ఉద్యోగంలో చేరిందనీ, ఇక్కడ ఉండి పనిచేయడానికి ఇచ్చే పాస్ పొడిగింపుకు రెండు నెలల్లో దరఖాస్తు పెట్టుకోవాలనీ కూడా తెలుసు. ఉద్యోగం పోతే ముప్పై రోజుల్లో ఈ దేశం విడిచిపోవాలి. నా వాక్యం ఒకటి ఆమె బతుకుమీద కూర్చుని ఉన్నది.

ఫోను చేశాను. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాను. సందేశం రాయబోతే తొందరలో ఒక అక్షరానికి బదులు మరొకటి పడుతున్నది. అల్లుడు నా చేతిలోంచి ఫోను తీసుకొని, సంస్థ కార్యాలయానికి చేసి మాట్లాడి, "మీటింగ్‌లో ఉందంటండి. నాలుగు దాటాకే బయటికొస్తుందంట," అన్నాడు. ఆ తరువాత నా ముఖం చూసి, "నాకు రెండింటికి కాల్ ఉంది, రాలేను. టాక్సీ పిలుస్తానుండండి," అన్నాడు. బయట వాన మొదలైంది. వానలో రోడ్డు ఎక్కడ ఆగిపోతుందో తెలియదు. రైలుకే వెళతానని, పుస్తకం ప్రతిని ప్లాస్టిక్ సంచిలో చుట్టుకొని బయలుదేరాను.

రైలు ఎక్కేటప్పటికి రెండు గంటల పది నిమిషాలు. పడమటి కొసనుండి తూర్పు కొసకు దాదాపు గంట ప్రయాణం. ఎవరో అమ్మాయి లేచి సీటు ఇచ్చింది. కూర్చున్నాను గాని రెండు స్టేషన్ల తరువాత లేచి తలుపు దగ్గర నిలబడ్డాను. నిలబడితే రైలు త్వరగా పోతుందా? పోదని తెలిసే నిలబడ్డాను.

మొదట, ఆమెకు ఏ మాటతో చెప్పాలో కూర్చుకున్నాను. కూర్చిన ప్రతి వాక్యమూ నా చదువును కాపాడేదిగానే వచ్చింది. సంప్రదాయం అలాంటిది, గ్రంథ మర్యాద ఇలాంటిది అని. ఆ తరువాత మరో ఆలోచన వచ్చి పక్కన నిలబడింది. వెళ్ళకపోతే ఏమి? జపాను అధికారిణికి తెలుగు రాదు. ఇంకెవరూ చదవరు. పుస్తకం అచ్చవుతుంది, పెట్టెల్లో సర్దుకుంటుంది. తప్పు బయటపడితే ఎప్పుడో, ఎక్కడో. ఇప్పుడు వెళ్ళి చెబితే మాత్రం ఈ రోజే ఆ పిల్ల మెడకు చుట్టుకుంటుంది. చెప్పడం నా మనశ్శాంతికా, ఆమె మేలుకా? ఈ ప్రశ్నకు జవాబు దొరకకుండానే స్టేషన్లు గడిచాయి.

అప్పుడు నేను కోరకుండానే తువాస్‌నాటి ఒక ఉత్తరం గుర్తుకు వచ్చింది. నేను కొలువులో చేరిన తొలి సంవత్సరాలలో, ఓడ అడుగు అరలో మంటలు లేచి శ్రీకాకుళం జిల్లా కూలీ ఒకడు పోయాడు. ఊరికి తంతి వెళుతుందని పైవారు చెప్పారు. అయినా తెలుగులో ఒక ఉత్తరం రాయమని తోటి పనివాళ్ళు నన్ను బతిమాలారు. మరణవార్తను నేరుగా కాగితంమీద పెట్టడానికి నా చేయి రాలేదు. మీవాడికి ఒంట్లో బాగులేదు, భారం భగవంతునిమీద వేయండి అని రాసి, అలవాటుకొద్దీ శుభం అని ముగించాను. తంతి ఏ తపాలా కార్యాలయంలోనో ఆగిపోయింది. ఉత్తరం చేరింది. ఆ తండ్రి కొడుకు కోలుకోవాలని ముడుపు కట్టాడు. ఏ వైద్యుడు చూస్తున్నాడు, జావ తాగుతున్నాడా, నిద్రపోతున్నాడా అని అడుగుతూ జవాబు రాయించాడు. అది నా స్టోర్సు బల్లమీదికి వచ్చేసరికి దహనం కూడా అయిపోయి ఇరవై రోజులు దాటింది. దానికి తిరిగి రాయడానికి నేను ఎన్ని కాగితాలు చింపానో చెప్పలేను.

ఆ సంగతి నేను మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. దాన్ని తలచుకొని ఏళ్ళు గడిచాయి.

తానా మెరాలో రైలు మారాలి. ప్లాట్‌ఫాం మీద నిలబడిన ఆ కొద్ది నిమిషాలు గంటకంటె పొడుగైనవి. ఎక్స్‌పో స్టేషనులో దిగి, గొడుగు లేక, భవనాల చూరుల కిందుగా నడిచి, ఆ సంస్థ ఉన్న అంతస్తుకు చేరేటప్పటికి మూడున్నర దాటింది. అత్యవసరమని ముందుగదిలోని ఉద్యోగినిని బతిమాలితే ఆమె లోపలికి కబురు పంపింది. అమ్మాయి గాజుతలుపు తోసుకొని వచ్చింది.

"అంకుల్, మీరేంది ఇక్కడ? అంత తడిసిన్రు. ఒంట్లె మంచిగనే ఉన్నదా?"

"ఫోను తీయలేదు నువ్వు."

"సైలెంట్‌ల పెట్టిన. ఏమైంది, చెప్పుండ్రి."

చెప్పాను. రైలులో కూర్చుకున్న వాక్యాలు ఒక్కటీ రాలేదు. పేర్లు తీసి ముందరి పుటలో పెట్టాను, చివర నా వాక్యం పెట్టాను, ఆ పేర్లు చివరనే ఉండాలట, అని మాత్రం చెప్పి సంచిలోంచి ప్రతిని తీసి చాచాను. ఆమె తీసుకోలేదు. దూరంనుండే చూసింది.

"ఆర్డర్ మార్చొద్దని చెప్పిన కద అంకుల్."

"చెప్పావు."

"చెప్పిన కద."

రెండోసారి అన్నప్పుడు గొంతు బాగా తగ్గింది. "అంతా చదివిన్నని ఇందాకనే సంతకం పెట్టిన. మేడమ్ అప్పుడే వచ్చింది, లోపట కూసుంది. ఇప్పుడు పోయి ఏమని చెప్పాలె? చదవకుంటనే పెట్టిన్నని చెప్పాలెనా?"

"మార్చింది నేనని నేను చెబుతాను. నీ తప్పేముంది ఇందులో."

"మీరు చెప్తే ఏమైతది అంకుల్. మిమ్మల్ని ఇంటికి పోయి చాయ్ తాగుమంటరు. నన్ను ఊరికి పోమంటరు."

 ఆమె గోడకు ఆనుకుంది. "ఆమెకు తెలుగు రాదు కద," అంది, నాతో కాక తనతోనే అన్నట్లు. "ఇక్కడ ఎవ్వలికి రాదు." నేను అవునని గాని కాదని గాని అనలేదు. అనకుండా ఉండటానికి ఎంత బలం కావలసివచ్చిందో నాకే తెలుసు. ఏమి అన్నా ఆమె నా మాటనే పట్టుకునేది. పెద్దవాడినని ఇప్పటికి ఒకసారి పట్టుకొని చెడింది చాలు.

"మా తమ్మునికి తెలుస్తది," అంది చివరకు. "ఇరవై నాలుగ్గంటలు ఆ కప్ప ఆటనే ఆడుతడు వాడు. పుస్తకం చేతికి రాంగనే నాకే ఫోన్ చేస్తడు, అక్కా, పేర్లేవి అని." నవ్వబోయి ఆగిపోయింది. "ఇక్కడనే కూసోండ్రి. లోపటికి రావొద్దు, నేను పిలిచేదాంక."

గాజుగోడకు అవతల ఆమె నిలబడి మాట్లాడుతూండటం, తెల్లజుట్టు స్త్రీ ఒకామె తల వంచి వినడం కనిపిస్తున్నాయి. మాట వినిపించదు. అమ్మాయి చేతులు రెండూ వెనక కట్టుకుంది. బడిలో బెత్తం ముందు నిలబడిన పిల్లలా. పది నిమిషాలో, పావుగంటో. ముందుగదిలోని ఉద్యోగిని నాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. తాగానో లేదో గుర్తులేదు.

పిలిచారు. అధికారిణి నన్ను కూర్చోమని, నెమ్మదైన ఇంగ్లీషులో, ఎందుకు మార్చారని అడిగింది. కోపం కనిపించలేదు, కనిపించకపోవడం మరింత భయపెట్టింది. మా పఠనంలో విన్నవారిని దుఃఖంతో ఇంటికి పంపరాదన్న నియమం ఉందని చెప్పాను. 

"మేము ఆ పేర్లను పిల్లలు ఇంటికి తీసుకువెళ్ళాలనే అక్కడ పెట్టాం," అంది.

తరువాత అమ్మాయివైపు తిరిగి, చదవకుండా సంతకం ఎందుకు చేశావని అడిగింది. ఆయన పెద్దవారు, పండితులు, నేను ఆయన్ని సరిచూడటం బాగుండదనుకున్నాను అని అమ్మాయి చెప్పింది. అధికారిణి కాగితంమీద ఏదో రాసుకుంటూ, "మా దగ్గర కూడా అలాగే చేస్తారు. అందుకే మాకు ఈ పత్రం అవసరమైంది," అంది. ఆ పత్రాన్ని రెండుగా మడిచి పక్కన పెట్టింది. కొత్త పత్రం తీసింది. ఇప్పుడు మొదటినుండి చివరివరకు పైకి చదవండి, నేను ఇంగ్లీషు ప్రతిలో వెంబడిస్తాను, అని అమ్మాయికి చెప్పింది. నన్ను పక్కన కూర్చుని వినమంది, అడిగితేనే మాట్లాడాలి.

పుటలు సరిచేయడానికి ఒక చీనా యువకుణ్ణి కంప్యూటరుతో సహా పిలిచారు. అతనికి తెలుగు అక్షరం తెలియదు. వాక్యం ఎక్కడ తెగాలో నా వేలు చూసి తెలుసుకోవాలి. "అంకుల్, హియర్ కట్ క్యాన్?" అంటాడు, ఇక్కడ తెంచవచ్చా అని. ఒత్తును అక్షరంనుండి విడదీయబోతుంటే, "క్యానాట్," అంటాను, కుదరదని అతని ఇంగ్లీషులోనే. "వా, యువర్ లాంగ్వేజ్ వెరీ స్ట్రిక్ట్ లా," అన్నాడు ఒకసారి, ఇక్కడివారి అలవాటుగా మాట చివర 'లా' తగిలించి. ఎవరూ నవ్వలేదు.

అమ్మాయి చదవసాగింది. మొదటి పుటలోనే ఆగింది. "అంకుల్, ఈ మండూకం ఏంది?"

"కప్ప."

"కప్ప అంటే అయిపాయె కద. పిల్లలు పుస్తకం మూస్తరు." అధికారిణివైపు చూసి, మాట మార్చుతున్నానని ఇంగ్లీషులో చెప్పి, మార్చింది. అలాంటివి చాలా వచ్చాయి. లోహకారుడు రేకుల పనివాడయ్యాడు. ధూమశకటం రైలైంది. ఒకచోట వాదించబోయాను; ఆమె తల ఎత్తి చూసేసరికి మానుకున్నాను. ఆమె చదువుతూంటే నా వాక్యాలు నాకు మొదటిసారి బయటినుండి వినిపించాయి. కొన్ని బాగున్నాయి. కొన్ని పెళ్ళిలో పట్టుపంచె కట్టుకొని అటూఇటూ తిరిగే ముసలివాళ్ళలా ఉన్నాయి.

అగ్నిప్రమాదం పుటకు వచ్చాం. చదివి, ఇంగ్లీషు కాగితం చూసి, మళ్ళీ తెలుగు చూసి, వేలు కింద పెట్టి ఆగింది.

"తలుపు లోపలికి తెరుచుకునేదని ఇంగ్లీష్‌ల ఉన్నది. తెలుగుల లేదు అంకుల్."

"ఉంటుంది. చూడు."

"లేదు."

ప్రతిని లాక్కొని చూశాను. లేదు. పేర్లను జరిపింది నాకు గుర్తుంది. ఈ వాక్యాన్ని తీసివేసినది గుర్తులేదు. ఇరవైసార్లు చదివిన కథలో, ఆ పిల్లలు ఎందుకు బయటపడలేకపోయారో చెప్పే ఒకే ఒక వాక్యం నా కలంనుండి కాగితానికి దిగలేదు. మరచిపోయానా? చేయి రాక వదిలేశానా? ఒంట్లో బాగులేదని రాసిన అదే చేయి ఇది. నా వయస్సులో జ్ఞాపకం దగా చేస్తుందన్న భయం మామూలే. అది కాదు ఆ క్షణాన నన్ను పట్టుకున్నది; ఇంకా ఎన్ని వాక్యాలు ఇలా నాకు తెలియకుండా మెత్తబడ్డాయో అన్న భయం. ఈ పుస్తకంలోనే కాదు.

"రాయుండ్రి," అని ఆమె కలం చేతికిచ్చింది. ఏ అలంకారమూ లేకుండా ఆ వాక్యం రాశాను. చీనా యువకుడు దాన్ని పుటలో కూర్చాడు. చిన్న అక్షరాలలో ఇరికించిన పేర్లను అక్కడినుండి తీసి ఆఖరి పుటకు చేర్చాడు. నా ఆశీర్వచనం మీద వేలు పెట్టి, "దిస్ వన్?" అన్నాడు. తీసేయమన్నాను.

ఆరు కావస్తుండగా ఆఖరి పుట వచ్చింది. అమ్మాయి గొంతు బొంగురుపోయింది. మొదటి పేరు, వయస్సు చదివింది. అధికారిణి పెన్సిలు కింద పెట్టి, లేచి, చేతులు రెండు పక్కలా ఉంచి నిలబడింది. చీనా యువకుడు సంగతి తెలియకపోయినా లేచాడు. నేనూ లేచాను. ఇక్కడ అమ్మాయి తడబడలేదు. ఆ పేర్లు తెలుగు నోటికి కొత్తవి అయినా, ఒక్కొక్కదాన్ని నిలిపి, హాజరు పిలిచినట్లు చదివింది. చివరి పేరు అయింది. నా నాలుకమీదికి ఒక మంగళవాక్యం తనంత తానే వచ్చింది. పళ్ళు బిగించి దాన్ని లోపలే ఉంచాను.

అమ్మాయి కొత్త పత్రం మీద సంతకం చేసింది. అధికారిణి మాత్రం ఆ రోజు చేయలేదు. జరిగినదంతా తన పైవారికీ, ఈ సంస్థ యజమానికీ రాస్తాననీ, చదవకుండా చేసిన మొదటి సంతకం గురించి కూడా రాస్తాననీ, తన సంతకం పడకముందే మీరిద్దరూ వచ్చి చెప్పారన్నది కూడా రాస్తాననీ చెప్పింది. నిర్ణయం వచ్చే వారం. అమ్మాయి తల ఊపింది. నన్ను ఎక్స్‌పో స్టేషను దాకా దిగబెట్టింది. దారిలో వాన గురించి తప్ప ఏమీ మాట్లాడలేదు. గేటు దగ్గర, "మెల్లగ పోండ్రి అంకుల్," అంది.

శుక్రవారం కబురు లేదు. శని, ఆదివారాలు లేదు. ఫోను ఎక్కడ పెడితే అక్కడికే నా చూపు పోయేది. నేనే చేద్దామంటే, ఏ ముఖం పెట్టుకొని? ఆదివారం తెలుగు పాఠానికి వెళ్ళలేదు. అల్లుడు ఆటపెట్టె తెరవడం మానేశాడు. నాకోసమే మానేశాడని తెలిసి, తెరవమని చెప్పాను. "ఏమవుతుందంటావు?" అని అడిగాను. "మా ఆఫీసులో అయితే పంపేస్తారండి," అన్నాడు, అబద్ధం చెప్పడం చేతకాక. ఆ నిజాయితీకి అతనిమీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది, నిద్ర మాత్రం పోయింది.

మంగళవారం పది గంటలకు సందేశం వచ్చింది. కళ్ళజోడు వెతుక్కొని చదివాను.

"ఉంచిన్రు అంకుల్. వార్నింగ్ లెటర్ ఇచ్చిన్రు, ఫైల్‌ల ఉంటదంట. పాస్ సంగతి అప్పుడు చూస్తమన్నరు. ఇంకో పుస్తకం ఇచ్చిన్రు. మీరు రాస్తరా? కానీ ఈసారి నేను దిద్దుత. మీరు కోపం చేయొద్దు."

రాస్తానన్నాను. పాస్ విషయం ఇంకా తేలలేదు. ఆ దరఖాస్తు పెట్టేనాటికి ఆ వార్నింగ్ కాగితం ఎంత బరువు తూగుతుందో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు. కొత్త పుస్తకంలో నేను రాసిన తొలి పుట నిన్న తిరిగి వచ్చింది. ఏడు చోట్ల ఎర్రగీతలు. ఇంగ్లీషు మూలాన్ని పక్కన పెట్టుకొని ఒక్కొక్కటే చూశాను. ఆరు ఒప్పుకున్నాను. ఏడోచోట ఆమెదే పొరపాటు అని నాకు గట్టిగా తోస్తున్నది. ఆ మాట చెప్పడానికి ఉదయంనుండి ఫోను చేతిలోకి తీసుకోవడం, మూలాన్ని మరోసారి చదవడం, ఫోను కింద పెట్టడం, ఇదే పని.